మొదటి వాక్యం దగ్గర ఆగిన గొంతు

అక్కని మా ఇళ్లలో అప్ప అంటాం. మా అప్ప అరసవల్లిలో, గుడి రోడ్డుకి వెనక వీధిలో, ఒక మేడ మీది గదిలో ఉండేది. మెట్లెక్కుతుంటేనే ఆ గొంతు తలుపు సందులోంచి దిగివచ్చి చెవిని తాకేది. అది మగ గొంతు కాదు, ఆడ గొంతూ కాదు. ఎవరో నిద్రలో పేపరు చదువుతున్నట్టు ఉండేది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఉండేది కాదు. మొదట్లో నాకే నచ్చలేదు. తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు చాప మీద పడుకుని వింటూ వింటూ అలవాటు పడ్డాను. వార్తలూ, బైబిలు వాక్యమూ, ఎవరెవరో రాసిన ఉత్తరాలూ సగం నిద్రలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ధర పెరిగిన ఉల్లిపాయలు ఎర్ర సముద్రం దాటిపోయేవి. ప్రవక్తలు ఆర్టీసీ బస్సు కోసం ఎదురు చూసేవారు.

అప్పకి చూపు లేదు. మూడో ఏట వచ్చిన జ్వరం తీసుకుపోయింది. కంప్యూటరులో వచ్చినదంతా చదివి వినిపించే ఆ గొంతుని ఆమెకు పెట్టింది నేను.

నేను అప్పట్లో ఎచ్చెర్ల వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునేవాణ్ని. కాలేజీకి ఎవరు వచ్చినా నన్ను చూపించి "ఇతను మిషన్లు చూస్తాడు" అనేవారు. అలా అన్న ప్రతి మనిషీ, ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగుతో సహా, నాకు గుర్తున్నాడు. మరిచిపోవడం నాకు చేతకాదు. ప్రయత్నించిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ ఉద్యోగం పక్కన నాకు ఇంకో పని ఉండేది. దానికి జీతం లేదు. ప్రపంచంలో చాలామంది కలిసి నడిపే ఒక ఉచిత కంప్యూటర్ వ్యవస్థ ఉంది. అందులో ప్రతి ప్రోగ్రామునీ ఒక పొట్లంలా కట్టి పెడతారు. దాన్ని ప్యాకేజీ అంటారు. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో మనిషి బాధ్యుడు. తెలుగు చదివే గొంతు ప్యాకేజీకి బాధ్యుణ్ని నేను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని కట్టి పంపితే, ఎక్కడో ఉన్న ఒక యంత్రం దాన్ని తనంతట తానే పరీక్షిస్తుంది. ఏం పరీక్షించాలో ముందే రాసిపెట్టాల్సింది బాధ్యుడే. పరీక్ష పాసైతే పచ్చ గుర్తు పడుతుంది. పచ్చ గుర్తు పడ్డ ప్యాకేజీ మిగతావాటికన్నా తక్కువ రోజులు ఆగి జనం కంప్యూటర్లలోకి వెళ్లిపోతుంది. పరీక్షే లేని ప్యాకేజీ మామూలుగా ఆగాల్సిన రోజులన్నీ ఆగాలి. ఆ రోజుల్లో ఎవరైనా వాడి చూసి, తప్పు కనిపిస్తే చెబుతారని ఆ ఏర్పాటు.

ఇందులో నాకు మొదటినుంచీ ఒక పేచీ ఉంది. దాని మూలం కంప్యూటర్లలో లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చర్చి ముందు క్రిస్మస్ పెండాల్ వేశారు. మైకు అతను సాయంత్రం నుంచీ "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటూనే ఉన్నాడు. ఆ హలో వీధి చివరిదాకా వెళ్లి, కొబ్బరి చెట్లకి తగిలి తిరిగొచ్చేది. నా పాట వంతు వచ్చింది. అప్ప హార్మోనియం పట్టింది. మొదటి లైను బాగానే వెళ్లింది. రెండో లైనుకి నేను గొంతు పైకెత్తగానే మైకు కుయ్యిమని అరిచి, తర్వాత చచ్చిపోయింది. జనం నవ్వారు. నేను దిగిపోయాను. అప్ప మాత్రం పాట లేకుండానే చివరి చరణం దాకా వాయించి, అప్పుడు హార్మోనియం మూసింది. మైకు అతన్ని నిలదీస్తే అతను నా వైపు చూడకుండా వైరు చుట్టుకుంటూ అన్నాడు.

"నాను టెస్ట్ సేసినప్పుడు పలికినాది బాబూ. నీ గొంతులోనే ఉన్నాది తేడా."

ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. హలో అన్నప్పుడు పలికింది నిజమే. కానీ ఆ పెండాల్ వేసింది హలో కోసం కాదు.

నేను ల్యాబులో చేరిన కొన్నేళ్లకి, ఇంకొకరి ప్యాకేజీ ఒకటి కాలేజీ ల్యాబులో నా మిషన్లన్నిటినీ పాడు చేసింది. ఫొటోలు సర్దే ప్రోగ్రాం అది. దాని పరీక్ష ఏమిటని తీసి చూశాను. "నీ వెర్షన్ నంబరు ఎంత" అని అడుగుతుంది. ప్రోగ్రాం నంబరు చెబితే పాస్. అంతే. ఫొటో తెరవడం లేదు, దాచడం లేదు. తన నంబరు తాను చెప్పుకున్నందుకు పచ్చ గుర్తు పడి, పరుగున వచ్చేసింది.

నేను ఆ వ్యవస్థ చర్చావేదికకి పొడుగ్గా ఫిర్యాదు రాశాను. నా ఇంగ్లీషు గొప్పది కాదు. ఒక్కో వాక్యం మూడుసార్లు దిద్దాను. చెప్పింది రెండే ముక్కలు. ఇలాంటి నామమాత్రపు పరీక్ష ఫెయిలైతే ఆ ప్యాకేజీని ఆపండి. తన నంబరు కూడా చెప్పలేని ప్రోగ్రాం బయటికి రాకూడదు. పాసైతే మాత్రం దాన్ని పాస్ అనకండి. పరీక్షే లేనట్టు చూడండి. మామూలుగా ఆగాల్సిన రోజులన్నీ దాన్ని ఆగనివ్వండి.

మర్నాడు ఒక పెద్దమనిషి నుంచి జవాబు వచ్చింది. ఎక్కడో చలి దేశంలో ఉంటాడు. ఆ పరీక్షల పని చూసేవాళ్లలో ముఖ్యుడు. మొదటి లైనులో, అసలు పరీక్షే లేకపోవడంకన్నా చిన్న పరీక్షైనా ఉండటం నయం కదా అన్నాడు. దాని కింద నేను రాసిందంతా ఎత్తి మళ్లీ నాకే పంపాడు. నా రెండు కాగితాలకి అతని ఒక్క లైను. నేను తెర మూసేశాను. అలాంటి మెయిళ్లు పెట్టుకోవడానికి నాకు వేరే ఒక ఫోల్డర్ ఉంది. అందులో పడేశాను.

ఆ కోపంలోనే నా ప్యాకేజీకి పరీక్ష రాశాను. చిన్న పరీక్ష నయమా, అయితే తీసుకో అనుకున్నాను. గొంతు చేత "నమస్కారం" అనే ఒక్క మాట పలికిస్తుంది. శబ్దం వస్తే పాస్. రాయడానికి టీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు. తర్వాత మూడేళ్లపాటు వెర్షన్ పంపిన ప్రతిసారీ పచ్చ గుర్తు పడింది. అది పడినప్పుడల్లా ఆ పెద్దమనిషికి బాకీ తీర్చినట్టు నాకు లోపల హాయిగా ఉండేది.

మూడో ఏడాది వానాకాలంలో ఆ గొంతుకి లోపలి యంత్రాంగం మార్చిన కొత్త వెర్షన్ వచ్చింది. కాలేజీ ల్యాబులో కూర్చుని కట్టి పంపాను. ఆ మిషన్లకి స్పీకర్లు లేవు. పచ్చ గుర్తు పడింది. నేను వినలేదు. రెండు రోజులకల్లా అది బయటికి వెళ్లింది. అప్ప కంప్యూటరు కొత్తవాటిని తనంతట తానే తెచ్చుకునేలా అంతకు ముందే పెట్టి ఉంచాను, ఆమెకు శ్రమ ఉండకూడదని.

అప్ప శ్రీకాకుళంలో ఒక బడిలో సంగీతం చెప్పేది. ఆ ఉద్యోగం పద్నాలుగేళ్లుగా ఏడాదికేడాది పొడిగిస్తూ ఉంచినదే. ప్రతి జూన్‌లోనూ ఈసారి ఉంచుతారో లేదోనని హెడ్మాస్టరు గది బయట బెంచీ మీద కూర్చునేది. ఆ ఏడాది విజయనగరంలో ఒక ఆడపిల్లల వసతి పాఠశాలలో సంగీతం టీచరు ఖాళీ పడింది. పర్మనెంటు పోస్టు. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది. దరఖాస్తు ఆన్‌లైన్లో నేనే పెట్టాను. జవాబు మెయిలుకే వస్తుందన్నారు.

కొత్త వెర్షన్ వెళ్లిన పది రోజులకి, ఒక ఆదివారం, నేను ఉండే ఆమదాలవలస నుంచి అరసవల్లి వచ్చాను. ఆదివారాలు సూర్యదేవుడి గుడికి జనం. ఆటోలు దారి ఇవ్వక చివరి ఫర్లాంగు నడిచాను. అప్ప చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను చాప పరుచుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో హారన్లు దూరంగా, నీళ్లలోంచి వస్తున్నట్టు వినపడుతున్నాయి. గదిలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో అప్పుడు తెలియలేదు.

"ఈమధ్య అందరూ మాటలు తగ్గించేసినార్రా," అంది అప్ప.

ఎవరని అడిగాను.

"అందరూనూ. పేపరోళ్లు, సర్చివోళ్లు, మన పిన్ని కూతురు. ఒక్క ముక్క సెప్పి ఊరుకుంటన్నారు. బాగానే ఉన్నాది. మిగతాది నానే అనుకుంటన్నాను."

ఆమె ఏమేమి అనుకుందో చెప్పుకుంటూ పోయింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. భావనపాడు తీరానికి పెద్ద తిమింగలం కొట్టుకొచ్చిందని పేపరు చెప్పిందట. అక్కడితో ఆగిందట. అప్ప మిగతాది అల్లుకుంది. పల్లెవాళ్లు దాని చుట్టూ చేరారు. ఎండ తగలకుండా ఎవరో గొడుగు పట్టారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి దాని మీద పోశారు. మధ్యాహ్నం పోటుకి నీళ్లు దాని పొట్ట దాకా వచ్చాయి. ఎవరూ నెట్టలేదు. అదే ఒకసారి ఊపిరి వదిలి, ఒళ్లు తిప్పుకుని, వెళ్లిపోయింది. పిన్ని కూతురు 'ఇక్కడ వాన పడుతోంది' అని మాత్రమే రాసిందట. దానికి అప్ప ఆ అమ్మాయి పెరట్లో తడిసిన బట్టలన్నీ చూసింది. చూసింది అనే మాట ఆమే వాడింది.

నాకు నిద్ర పడుతోంది. తిమింగలం వానలో తడుస్తోంది.

"ఇజీనారం నుంచి కూడా ఉత్తరం వచ్చినాది," అంది ఆమె. "మీ దరఖాస్తు అందినది అన్నారు. అంతే. అందితే సాలు కదా."

అప్పుడు తెలివి వచ్చింది. గదిలో తక్కువైంది ఆ గొంతు. నేను వచ్చి అరగంటైంది. అంతసేపట్లో అది నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేదు.

లేచి తెర చూశాను. ఆ ఉత్తరంలో ఐదు పేరాలు ఉన్నాయి. మొదటి వాక్యం అప్ప చెప్పిందే. రెండో పేరాలో అసలు సర్టిఫికెట్లతో ఫలానా తేదీన హాజరు కావాలని ఉంది. ఆ తేదీ గడిచిపోయిన గురువారం.

పైకి చదివాను. తేదీ దగ్గర నా గొంతు ఆగిపోయింది. అప్ప ఆ తేదీని ఒకసారి తనలో తాను పలుక్కుంది. ఒళ్లో చేతులు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమెకు కిటికీ అంటే గాలి వచ్చే వైపు.

నేను కంప్యూటరులో రెండు వాక్యాలు కొట్టి చదివించాను. మొదటిది చదివి, చుక్క దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు కొట్టాను. అదే. మెనూల పేర్లు, బొత్తాల పేర్లు, ఉత్తరం పంపినవాళ్ల పేర్లు అన్నీ ఒక్కొక్క ముక్కే కాబట్టి అవన్నీ చక్కగా పలుకుతున్నాయి. అందుకే ఆమెకు అనుమానం రాలేదు. చివరికి "నమస్కారం" అని కొట్టాను. ఎంత స్పష్టంగా, ఎంత మర్యాదగా పలికిందో.

నేను మొదలుపెట్టాను. ఆ యంత్రాంగం రాసినవాళ్లని తిట్టాను. చదివే గొంతు మీద ఆధారపడ్డ మనిషికి ఫోను చెయ్యకుండా మెయిలు పంపిన ఆఫీసుని తిట్టాను. చలి దేశపు పెద్దమనిషిని ఎక్కువసేపు తిట్టాను. అతను ఆనాడు నా మాట విని ఉంటే ఇది ఆగాల్సిన రోజులు ఆగేది, ఎవరో ఒకరు వినేవారు, తప్పు పట్టేవారు అన్నాను. తేదీలతో సహా చెప్పాను. నా దగ్గర తేదీలు ఎప్పుడూ ఉంటాయి.

నేను ఆగేదాకా అప్ప అడ్డు రాలేదు. తర్వాత అడిగింది.

"ఆ ఉత్తరం సివరికంటా సదివినావేటి?"

"తేదీ ఎలిపోయినాక ఇంకేటుంటాదప్పా?"

"సదువు."

చదివాను. మూడో పేరాలో ఏయే కాగితాలు తేవాలో ఉంది. నాలుగో పేరాలో బస గురించి. ఐదో పేరా చివర, తగిన కారణం వల్ల ఆ రోజు రాలేనివారు ఆ మరుసటి సోమవారం పదకొండు గంటలకి, కారణాన్ని లిఖితపూర్వకంగా తెలియజేస్తూ, స్వయంగా హాజరైతే పరిశీలిస్తామని ఉంది.

ఆ సోమవారం మర్నాడే.

ఆ సాయంత్రమే అప్పని ఆమదాలవలస తీసుకొచ్చాను. పొద్దున్నే పాసింజరు ఎక్కాం. మబ్బు పట్టి ఉంది. బండి నాగావళి వంతెన ఎక్కగానే చప్పుడు మారింది. అప్ప తల కాస్త పక్కకి వంచి, వంతెన అయ్యేదాకా అలాగే వింది. నది అయిపోయిందని నేను చెప్పక్కర్లేదు. తర్వాత వరినాట్లు వేసిన మళ్లు. మళ్లలో నిలిచిన నీళ్లలో మబ్బులు బండితో పాటు కదులుతున్నాయి. పైనా కిందా ఒకటే ఆకాశంలా ఉంటే, మధ్యలో మా పెట్టె ఒక్కటే తేలిపోతున్నట్టుంది. పొందూరులో ఎవరో మల్లెపూల బుట్ట ఎక్కించారు.

నేను ఒడిలో అట్ట పెట్టుకుని రూళ్ల కాగితం మీద కారణం రాయడం మొదలుపెట్టాను. ఫిర్యాదులు రాయడంలో నాది అందెవేసిన చెయ్యి. 'సాంకేతిక కారణాల వల్ల' అని రాసి పైకి చదివాను.

"ఆ సాంకేతిక కారణం ఎవరు?" అంది అప్ప.

నేను ఒడిలో అట్ట సర్దుకున్నాను.

"నువ్వే కదరా. అదే రాయి."

అలా రాస్తే నమ్మరన్నాను. ఇది అందరికీ అర్థమయ్యే సంగతి కాదన్నాను. పెద్దమనిషి సంగతి కూడా రాస్తేనే న్యాయమన్నాను. అప్ప నా వైపు తిరిగింది.

"ఆ మనిషి నీకేటి రాసినాడు? సదువు."

ఆ లైను నాకు కంఠతా వచ్చు. చెప్పాను. అలా కాదంది. ఉత్తరం తీసి చదవమంది. ఫోనులో ఆ ఫోల్డర్ తెరిచాను. మొదటి లైను తెలుగు చేసి చదివాను. దాని కింద నేను రాసిందే ఉంది. అయిపోయిందన్నాను.

"సివరికంటా ఎల్లినావేటి?"

వేలితో పైకి తోస్తూ పోయాను. నా రెండు కాగితాలూ మూడేళ్ల తర్వాత నా కళ్ల ముందు నుంచి జారిపోయాయి. వాటి అడుగున అతని రాత మళ్లీ మొదలైంది. నాలుగు పేరాలు. మీరు చెప్పింది సబబే అన్నాడు. నామమాత్రపు పరీక్ష పాసైతే దాన్ని పాస్ అనీ, ఫెయిల్ అనీ అనకుండా విడిగా గుర్తు పెట్టాలని తనకూ ఉందన్నాడు. మొదటి మాట ఎందుకన్నానంటే, పాసైనా లాభం లేదంటే కొందరు ఉన్న చిన్న పరీక్ష కూడా తీసేస్తారేమోనని భయం అన్నాడు. నియమం మీరే రాయండి, నేను మీ వెనక ఉంటాను, రాస్తారా అని అడిగాడు. ఆ ప్రశ్నతో ఉత్తరం అయిపోయింది.

చీపురుపల్లి వచ్చింది. పోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మూడేళ్లుగా ఆ ప్రశ్న నా జేబులోనే తిరుగుతోంది. అప్ప నా మోచెయ్యి తడిమి పట్టుకుంది. గెలిచినట్టు ఏమీ అనలేదు.

"కాయితం మీద రాయి," అంది. "ఇజీనారం వచ్చేస్తాది."

రాశాను. చదివి వినిపించే ప్రోగ్రాముకి బాధ్యుణ్ని నేను. దాన్ని పరీక్షించడానికి ఒక్క మాట మాత్రమే పలికించే పరీక్ష పెట్టింది నేను. ఒకరి మీద కోపంతో కావాలనే అలా పెట్టాను. దానివల్ల మీ ఉత్తరంలో మొదటి వాక్యం తప్ప మా అక్కకి వినపడలేదు. ఇందులో ఆమె తప్పు లేదు. కింద సంతకం పెట్టాను. నా జీవితంలో ఎన్నో ఫిర్యాదులు రాశాను. వాటన్నిట్లోకీ పొట్టిది ఇదే.

ఆఫీసులో ఒక గుమస్తా ఆ కాగితం తీసుకున్నాడు. పైన 'విషయం' అన్న లైను చూసి, ముద్ర వేసి, ఫైల్లో పెట్టబోయాడు. ముద్ర చప్పుడు అప్ప వింది.

"సదివినారా బాబూ?"

"సదవక్కర్లేదమ్మా. కాయితం ఉంటే సాలు."

"సదవండి. మా తమ్ముడు ఇలాటిది మళ్లీ రాయడు."

పక్క బల్లల వాళ్లు తలెత్తారు. అతను కళ్లజోడు దించుకుని, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. చదివి నన్ను కిందినుంచి పైకి చూశాడు. "అయితే సేసిందంతా నువ్వేనన్నమాట," అన్నాడు. ఆయన చొక్కా నీలం. ఆ మాట నాకు గుర్తుంది కానీ, ఏ ఫోల్డర్లోనూ పెట్టలేదు. ఆయనే లేచి వెళ్లి లోపలివాళ్లకి ఆ కాగితం చూపించాడు. కాసేపటికి అప్పని పిలిచారు.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల ముగ్గురు. సర్టిఫికెట్లు తిప్పారు. ఏదైనా పాడమన్నారు. అప్ప చిన్నప్పటి నుంచీ పాడే కీర్తన ఎత్తుకుంది. పల్లవి అయ్యేసరికి ఒకాయన "చాలమ్మా, బాగుంది" అన్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు. పెన్ను మూత తీసిన చప్పుడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పచ్చ గుర్తు పడుతోందనుకున్నాను.

"ఇప్పుడు పల్లవే అయినాదండి," అంది అప్ప. "సరణంలో నా గొంతు నిలుస్తాదో నేదో మీకెలగ తెలుస్తాది?"

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఊరుకోవచ్చు కదా అని నా మనసు మొత్తుకుంది. ఆమె చరణం ఎత్తుకుంది. వరండాలో నడుస్తున్నవాళ్లు నడక తగ్గించారు. పై స్థాయికి వెళ్లే చోట గొంతు ఒక్కసారి చిట్లింది. అందరికీ వినపడేంతగా చిట్లింది. నాకు పెండాలూ, మైకూ, జనం నవ్వూ అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. ఆమె ఆగలేదు. అదే మెట్టు మళ్లీ మెల్లగా ఎక్కింది. ఈసారి నిలిచింది. రెండో చరణం కూడా పాడింది. ఆ పాట తలుపు సందులోంచి వచ్చి, వరండా దాటి, ఎండిపోతున్న వాన నీళ్ల మీదుగా ఎటో వెళ్తుంటే, నేను ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు.

తిరుగు బండిలో అడిగాను, చాలన్నాక ఎందుకు పాడావని. చిట్లిందిగా అన్నాను.

"సిట్లినాది. ఆళ్లూ విన్నారు," అంది. "ఒక్క లైను విని ఉజ్జోగం ఇచ్చేస్తే, రేపు పిల్లల ముందర నా మీద నాకే అనుమానం వస్తాది."

ఆ వారమే గొంతుని పాత వెర్షన్‌కి మళ్లించి, తర్వాత సరిచేశాను. పెద్దమనిషికి జవాబు రాశాను. మూడేళ్లు ఆలస్యమైందని మాత్రం చెప్పి, ఎందుకో చెప్పలేదు. నియమం ముసాయిదా పంపాను. నామమాత్రపు పరీక్ష అని ముందుగా గుర్తు పెట్టాల్సిన ప్యాకేజీ నాదే అని మొదట రాశాను. ఇంకా కొందరు కలిశారు. మాటా మాటా పెరిగి, తరిగి, చివరికి అలాంటి పరీక్షలకి విడిగా ఒక గుర్తు వచ్చింది. ఫెయిలైతే ఆపుతుంది. పాసైతే పచ్చా పడదు, ఎర్రా పడదు. తొందర పెట్టదు. సాయం చేసినవాళ్ల జాబితాలో నా పేరు నాలుగోది. అందరికన్నా ముందు ఫిర్యాదు చేసింది నేను. ఆ సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు నా ప్యాకేజీకి రెండు పరీక్షలు ఉన్నాయి. నమస్కారం అలాగే ఉంది, తన గుర్తుతో. రెండోది అప్ప చెప్పి రాయించిన పొడుగాటి ఉత్తరం. దాన్ని మొత్తం చదివించి, చివరి వాక్యం కూడా పలికిందో లేదో చూస్తుంది.

దసరా సెలవులు అయ్యాక విజయనగరం నుంచి ఉత్తరం వచ్చింది. నేను అప్ప గదిలోనే ఉన్నాను. తెర వైపు రావద్దని అప్ప నన్ను చాప మీదే కూర్చోబెట్టింది. ఆ గొంతు మొదలుపెట్టింది. ఆఫీసు చిరునామా, ఉత్తరం నంబరు, తేదీ, విషయం, సూచిక అన్నీ ఊపిరి లేకుండా చదివింది. మీ విన్నపాన్ని పరిశీలించడమైనది అంది. రెండో పేరాలోకి వెళ్లింది. సంగీతం టీచరుగా నియమించడమైనది అంది. నేను లేచి నిలబడ్డాను. అప్ప చెయ్యి ఎత్తి ఆగమంది. చేరాల్సిన గడువు, తేవాల్సిన కాగితాలు, సంతకం చేసిన అధికారి హోదా, ఎవరెవరికి నకళ్లు పంపారో, అన్నీ విన్నది. గొంతు ఆగింది. ఫ్యాను చప్పుడు మిగిలింది.

"అయిపోయినాదా?" అంది.

"అయిపోయినాదప్పా."

ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది. కింద ఆటోలు వెళ్తున్నాయి. ఆమెకు ఏదైనా ఇవ్వాలని నాకు అనిపించింది. ఆ పది రోజుల్లో ఆమె వినకుండా పోయినవన్నీ దాచే ఉన్నాయి, మొదటినుంచి చివరిదాకా చదివిస్తాను అన్నాను. పిన్ని కూతురు ఉత్తరాలు వింటానంది. చర్చి కబుర్లు వింటానంది. భావనపాడు తిమింగలం వార్త కూడా ఉందన్నాను. దాని మిగతా వాక్యాల్లో ఏముందో నేను అంతకు ముందే చదివాను. అది ఒడ్డుకి వచ్చేసరికే చనిపోయి ఉంది. యంత్రంతో గొయ్యి తవ్వి అక్కడే పూడ్చారు.

"దాన్నొగ్గీరా," అంది అప్ప. "అది ఎలిపోయినాది."